చెనక్కాయలో ఒక్క అక్షరం మారితే: జీఎం, మార్కర్, ఎడిటింగ్ చిక్కుముడి

విత్తనాల దుకాణం దగ్గరైనా, పాకాల బస్సులో పక్క సీట్లోనైనా, కొత్త రకం వేరుశనగ మాట ఎత్తితే చాలు, ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "ఇది జీఎం విత్తనమా?" జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కాదు. మన దేశంలోనే కాదు, ప్రపంచంలో ఎక్కడా జీఎం (జన్యుమార్పిడి) వేరుశనగ ఇంతవరకు వాణిజ్య సాగుకు రాలేదు. అయినా ఆ జవాబుతో అడిగినాయన అనుమానం తీరదు. ఒకచోట "జన్యు పరిజ్ఞానంతో రూపొందించిన రకం" అని వింటాడు, పేపర్లో "డీఎన్‌ఏ మార్కర్ల సాయంతో" అని చదువుతాడు, టీవీలో "జీనోమ్ ఎడిటింగ్ వరి వచ్చేసింది" అంటారు. ఇవన్నీ ఒకటే గాబోలు అనుకుంటే ఆయన తప్పేమీ లేదు. ఎవరూ విడమరిచి చెప్పకపోతే ఎవరైనా అలాగే అనుకుంటారు.

జీఎం, మార్కర్, ఎడిటింగ్: ఈ మూడూ మూడు వేర్వేరు పనులు. పైగా, మొక్కలో ఒకే మార్పును మూడు దారుల్లో తేవచ్చు. చివరికి చేతికొచ్చే గింజ ఒకటే అయినా, ఏ దారిన వచ్చిందన్న దాన్ని బట్టి చట్టం దాన్ని వేరుగా చూస్తుంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది. దాన్ని విప్పడానికి మన ప్రాంతపు పంటనే తీసుకుందాం.

ముందు జన్యువుల ఊసే లేని కథ ఒకటి. 1975-76 ప్రాంతంలో శ్రీకాళహస్తి చుట్టుపక్కల పొలాల్లో వేరుశనగకు ఒక వింత జబ్బు కనిపించింది. మొక్క గిడసబారుతుంది, కానీ ఆకులు మామూలు కంటే ముదురు పచ్చగా ఉంటాయి. అందుకే పైకి చూసి పెద్దగా కంగారు పడరు. పీకి చూస్తే తెలుస్తుంది అసలు సంగతి: పొట్టి ఊడలు, చిన్న కాయలు, కాయల మీద గోధుమ నలుపు మచ్చలు. కారణం నేలలోని ఒక నులిపురుగు. శాస్త్ర గ్రంథాల్లో ఈ జబ్బు పేరు ఇప్పటికీ 'కాళహస్తి మాలడీ'యే. తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం దీన్ని తట్టుకునే తిరుపతి-3, కాళహస్తి రకాలను ఇచ్చింది. ఇలాంటి పనికి పద్ధతి పాతదే. పురుగు బాగా ఉన్న నేలలోనే రకరకాల వంగడాలు వేయడం, పీకి కాయలు చూడడం, మచ్చల్లేని వాటిని ఏరడం, మంచి రకంతో సంకరం చేయడం, మళ్లీ అదే నేలలో వేయడం. ఏ జన్యువు ఆ పని చేస్తోందో తెలియనక్కర్లేదు. కాయ చెబితే చాలు.

ఈ పద్ధతిని తక్కువ అంచనా వేయకూడదు. నారాయణి, ధరణి లాంటి తిరుపతి రకాల వెనకున్నది సంకరం, ఎంపిక అనే ఈ శ్రమే. కాకపోతే దీనికి ఓపిక కావాలి. ఒక పంటకాలానికి ఒక్క అడుగే పడుతుంది. నేలలో పురుగు అంతటా సమానంగా లేకపోతే, అదృష్టవశాత్తూ తప్పించుకున్న మొక్కను గట్టి మొక్క అని పొరబడతాం. ఇక కంటికి కనిపించని గుణాలు, ఉదాహరణకు నూనె నాణ్యత లాంటివైతే, కాయ పీకి చూసినా తెలియవు.

రెండు జీనోమ్‌ల పంట

వేరుశనగ జన్యువుల లోపల చూడడం చాలాకాలం కష్టంగానే ఉండింది. దీనికి కారణం దాని పుట్టుక. దక్షిణ అమెరికాలో, సుమారు 10 వేల ఏళ్ల కిందట, రెండు అడవి జాతులు కలిశాయి. ఒకటి అరాకిస్ డ్యురానెన్సిస్, రెండోది అరాకిస్ ఇపాయెన్సిస్. ఆ కలయికలో క్రోమోజోములు రెట్టింపయి, రెండు జాతుల జీనోమ్‌లూ, అంటే వాటి మొత్తం డీఎన్‌ఏ రాతలూ, పూర్తిగా ఒకే మొక్కలో ఉండిపోయాయి. అందుకే ఈ పంటకు 40 క్రోమోజోములు: సగం 'ఏ' వైపువి, సగం 'బీ' వైపువి. దాదాపు ప్రతి పనికీ రెండు జన్యువులు, అదీ అచ్చం కవలల్లాంటివి. డీఎన్‌ఏను ముక్కలుగా చదివి అతికించేటప్పుడు ఏ ముక్క ఎటు వైపుదో తేలేది కాదు. ముందు ఆ రెండు అడవి జాతులను విడివిడిగా చదివారు, 2016లో. ఆ పునాది మీద 2019లో సాగు వేరుశనగ జీనోమ్ మొత్తం బయటికొచ్చింది. సుమారు 250 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలు.

ఈ జంట జన్యువుల సంగతి గుర్తుపెట్టుకోండి. దీని వల్లే ఒకదాన్ని మారిస్తే సరిపోదు.

ఇప్పుడు నూనె దగ్గరికి వద్దాం. పల్లీ నూనెలో ఎక్కువగా ఉండే కొవ్వు ఆమ్లాలు ఓలిక్, లినోలిక్. గింజలో ముందు ఓలిక్ తయారవుతుంది. డీసాట్యురేజ్ అనే ఎంజైమ్ అందులో కొంత భాగాన్ని లినోలిక్‌గా మారుస్తుంది. లినోలిక్‌తో ఇబ్బంది ఏంటంటే గాలి తగిలితే తొందరగా పాడవుతుంది. వేయించిన పల్లీలు, చిక్కీలు కొన్ని వారాలకే పాత నూనె వాసన కొట్టేది దీనివల్లే. ఓలిక్ శాతం పెరిగితే సరుకు ఎక్కువ రోజులు నిలుస్తుంది. మామూలు రకాల్లో ఓలిక్ సుమారు 45 నుంచి 50 శాతం. 1987లో అమెరికాలోని ఫ్లోరిడాలో 80 శాతం దాకా ఓలిక్ ఉన్న ఒక వేరుశనగ దొరికింది. ఎవరూ చేసింది కాదు, దానంతటదే పుట్టిన మార్పు.

లోపల ఏం జరిగిందో తర్వాత తేల్చారు. ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు పేరు ఫ్యాడ్2. 'ఏ' వైపు ఒకటి, 'బీ' వైపు ఒకటి ఉన్నాయి. 'ఏ' వైపు జన్యువులో 448వ స్థానంలో 'జీ' అనే డీఎన్‌ఏ అక్షరం పోయి 'ఏ' అనే అక్షరం వచ్చింది. దాంతో ఎంజైమ్‌లో ఒక అమైనో ఆమ్లం మారి, అది దాదాపు పనిచేయడం మానేసింది. 'బీ' వైపు జరిగింది ఇంకా పెద్ద గండం. 442వ స్థానం దగ్గర ఒక్క అక్షరం అదనంగా దూరింది. కణం డీఎన్‌ఏను మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. "కలప పడవ నడక" అని మూడేసి అక్షరాలుగా చదువుతున్నామనుకోండి. మొదటి 'క' తర్వాత ఒక 'త' దూరితే అది "కతల పపడ వనడ క" అయిపోతుంది. అక్కడి నుంచి చివరిదాకా అర్థం లేదు. జన్యువులోనూ అంతే: ఆ అక్షరం తర్వాత అంతా తారుమారై, కొంత దూరం పోగానే 'ఆపు' అనే సంకేతం ఎదురై, ఎంజైమ్ తయారీ అర్ధాంతరంగా నిలిచిపోయింది.

రెండు వైపులా జన్యువు పాడైతేనే 80 శాతం వస్తుంది. ఒకటి బాగున్నా అది చాలావరకు పని నడిపించేస్తుంది. ఇప్పుడు ఈ గుణాన్ని మన నేలకు పనికొచ్చే రకంలోకి తేవాలి. మామూలు రకంతో సంకరం చేస్తే మొదటి తరం మొక్కల్లో ప్రతి జన్యువుకూ ఒక మంచి ప్రతి, ఒక పాడైన ప్రతి ఉంటాయి. వాటి గింజలు వేస్తే రెండో తరంలో, రెండు జన్యువులూ అన్ని ప్రతుల్లోనూ మారిన మొక్క 16లో ఒక్కటి. పొలంలో ఆ ఒక్కటీ మిగతా పదిహేనుకీ ఏ తేడా లేకుండా ఉంటుంది. పాత పద్ధతిలోనైతే పంట పండి, ప్రతి మొక్క కాయలూ విడిగా ఒలిచి, నూనె పరీక్ష చేయించాలి.

కావాల్సిన జన్యువు ఉందో లేదో డీఎన్‌ఏలోని గుర్తును చూసి పట్టే మార్కర్ పద్ధతి చేసే మేలు ఇక్కడ. మొలిచిన రెండు వారాల మొక్క నుంచి గోటంత ఆకు తీస్తారు. ఇంకా తొందరగా కావాలంటే, విత్తకముందే పప్పును చేతిలోకి తీసుకుని, మొలక వచ్చే ముక్కు ఉన్న కొసను ముట్టుకోకుండా, రెండో కొస నుంచి బ్లేడుతో చిన్న చెక్కు తీస్తారు. మిగిలిన పప్పు మామూలుగానే మొలుస్తుంది. ఆ చెక్కును నూరి డీఎన్‌ఏ తీసి, కోరిన డీఎన్‌ఏ ముక్కకు ఎన్నో ప్రతులు తీసే పీసీఆర్ యంత్రంలో పెడతారు. 448వ స్థానంలో జీ ఉందా, ఏ ఉందా? 442 దగ్గర అదనపు అక్షరం ఉందా, లేదా? ఒకే ప్లేటులో 96 గుంటలు, 96 గింజల జాతకం ఒకటి రెండు రోజుల్లో చేతికొస్తుంది. పనికిరాని వాటిని నాటక్కర్లేదు. జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన సంస్థ, హైదరాబాద్ పక్కనున్న అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కలిసి ఈ దారిలో తెచ్చినవే గిర్నార్-4, గిర్నార్-5. 2020 అక్టోబరులో ప్రధాని జాతికి అంకితం చేసిన 17 పోషక రకాల్లో ఈ రెండూ ఉన్నాయి.

ఇందులో మొక్కలోకి ఎవరూ ఏమీ ఎక్కించలేదు. సంకరం పాతదే. ఏరడం ఒక్కటే కొత్త. అందుకే మార్కర్ పద్ధతికి జీఎం నిబంధనలు వర్తించవు, వర్తించాల్సిన అవసరమూ లేదు. వరిలో బ్యాక్టీరియా ఎండుతెగులును తట్టుకునే ఇంప్రూవ్డ్ సాంబమసూరి 2008లోనే ఇదే దారిన వచ్చింది. దాన్ని హైదరాబాద్ వరి పరిశోధనా సంస్థ, అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లతో కలిసి ఇచ్చింది.

మార్కర్ అన్నిటికీ మందు అనుకోకూడదు గానీ. ఒకటి రెండు పెద్ద జన్యువుల చేతిలో ఉన్న గుణానికే అది బాగా పనికొస్తుంది. దిగుబడి, బెట్టను తట్టుకోవడం లాంటివి వందల జన్యువులు తలా కాస్త చేయి వేస్తే వచ్చే గుణాలు. ఆగస్టులో మూడు వారాలు చినుకు పడకపోతే పీలేరు వైపు మెట్ట పొలంలో ఏ మొక్క నిలబడుతుందో ఒక్క పీసీఆర్‌తో తేలదు. "కరువు జన్యువు దొరికింది" అన్న శీర్షిక కనబడితే నేను ముందు పేజీ తిప్పేస్తాను.

అడవి నుంచి వచ్చిన ముక్క

తుప్పు తెగులు కథ మరో కోణం చూపిస్తుంది. ఈ తెగులును తట్టుకునే శక్తి సాగు వేరుశనగలో పెద్దగా లేదు. దాని అడవి బంధువు అరాకిస్ కార్డెనాసిలో ఉంది. ఆ అడవి జాతితో సంకరం చేసిన వంగడాల నుంచి ధార్వాడ్‌లో జీపీబీడీ-4 అనే రకం వచ్చింది. అందులో తుప్పును ఆపే అడవి క్రోమోజోమ్ ముక్క ఎక్కడుందో మార్కర్లతో పట్టుకుని, ఇక్రిశాట్ వాళ్లు దాన్ని ఐసీజీవీ 91114, జేఎల్-24, టీఏజీ-24 రకాల్లోకి సంకరంతో దింపారు. అనంతపురం రైతులకు ఐసీజీవీ 91114 బాగా తెలిసిన పేరే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ అడవి ముక్కలో మనకు కావాల్సింది ఒకటో రెండో జన్యువులు. వాటి వెంట పేరు కూడా తెలియని చాలా జన్యువులు దిగుతాయి. అడవి జాతుల సంకరాల్లో మందపు తొక్క, తక్కువ పప్పు లాంటి బెడద కూడా వెంట వచ్చేది ఇందుకే. దీన్ని ఎవరూ జీఎం అనరు. పైన చెప్పిన టీఏజీ-24 సంగతి చూడండి: ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం కిరణాలతో పుట్టించిన మ్యుటెంట్ల (డీఎన్‌ఏ మారిన మొక్కల) వంశం అది. కిరణాలు డీఎన్‌ఏలో ఎక్కడెక్కడ ఏం మారుస్తాయో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఆ విత్తనాన్నీ ఎవరూ ఆపలేదు, ఆపాలని నేనూ అనను. దశాబ్దాలుగా తింటున్నాం. కానీ భయం ఎప్పుడూ మార్పు పరిమాణాన్ని బట్టి రాలేదని మాత్రం దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక అసలు జీఎం అంటే ఏమిటి? సంకరంతో రాని జన్యువును, చాలాసార్లు వేరే జీవి నుంచి తీసిన దాన్ని, ప్రయోగశాలలో మొక్క డీఎన్‌ఏలోకి చేర్చడం. ఈ పనికి ఎక్కువగా వాడేది ఆగ్రోబ్యాక్టీరియం అనే నేల సూక్ష్మజీవినే. అది సహజంగానే మొక్క గాయంలోంచి దూరి తన డీఎన్‌ఏ ముక్కను మొక్కలో అతికించి గడ్డ పెంచుకుంటుంది. గడ్డ పెంచే జన్యువులు తీసేసి, ఆ చోట మనకు కావాల్సిన జన్యువు పెడతారు. మనం గెణుసుగడ్డ అని తినే చిలగడదుంపలో ఇలాంటి సూక్ష్మజీవి డీఎన్‌ఏ ఎప్పటి నుంచో సహజంగానే ఉందని 2015లో బయటపడింది. దీన్ని బట్టి జీఎం అన్నీ క్షేమమని తీర్మానించలేం. అది ప్రకృతిలో జరగని పని అన్న వాదన మాత్రం నిలవదు.

వేరుశనగలో ఈ పని చెప్పినంత తేలిక కాదు. పప్పు ముక్కకు సూక్ష్మజీవిని పట్టించి, గాజు సీసాలో చిగురు తెప్పించి, వేరు పట్టించి, కుండీలోకి మార్చాలి. చాలా ముక్కలు మధ్యలోనే చస్తాయి. బతికిన వాటిలో కొత్త జన్యువు క్రోమోజోమ్ మీద ఎక్కడ కూర్చుందో ఒక్కో మొక్కకు ఒక్కో తీరు. అందుకే జీఎంలో అనుమతి రకానికి కాదు, ఫలానా చోట కూర్చున్న ఆ ఒక్క సంఘటనకు ఇస్తారు. దాన్ని 'ఈవెంట్' అంటారు.

ఇక్రిశాట్‌లో 2007 ప్రాంతంలో జేఎల్-24లోకి డ్రెబ్1ఏ అనే జన్యువును చేర్చారు. నీళ్లు తక్కువైనప్పుడు రక్షణ జన్యువులను మేల్కొలిపే పెద్ద జన్యువది. అది ఎప్పుడూ పనిచేస్తూ ఉంటే మొక్క ఎదగదు. కాబట్టి బెట్ట పడినప్పుడే తెరుచుకునే ఆర్‌డీ29ఏ అనే స్విచ్చును దానికి తగిలించారు. జీఎంలో జన్యువెంత ముఖ్యమో స్విచ్చూ అంతే ముఖ్యం. పేపర్లు రాసేది మాత్రం జన్యువు గురించే. ఆ మొక్కలు నీటిని పొదుపుగా వాడాయి, కానీ రైతు పొలం దాకా రాలేదు.

నాకు మరింత ఆశ కలిగించింది 2018 నాటి ఇంకో పని, అఫ్లాటాక్సిన్ మీద. బెట్ట పడిన పంటలోనూ, సరిగా ఆరని కాయలోనూ ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఈ విషాన్ని తయారు చేస్తుంది. ఐరోపా దేశాలు నేరుగా తినే పల్లీల్లో కిలోకు 4 మైక్రోగ్రాములు దాటితే సరుకు తీసుకోవు. మన దగ్గర బూజు పట్టిన కాయ నూనె గానుగకు పోతుంది, చెక్క ఆవులకు పోతుంది, విషం రూపం మార్చుకుని పాలలోకి వస్తుంది. పాడి మీద బతికే చిత్తూరుకు ఇది చిన్న విషయం కాదు. శాస్త్రవేత్తలు చేసింది ఏంటంటే, బూజు విషం తయారుచేసుకోవడానికి వాడే రెండు జన్యువులను మూసేసే ఆర్‌ఎన్‌ఏను (డీఎన్‌ఏకు దగ్గరి బంధువైన అణువును) మొక్కలోనే తయారయ్యేలా చేశారు. బూజు గింజలోకి దిగితే ఆ ఆర్‌ఎన్‌ఏ దానిలోకి చేరి, విషం తయారీని ఆపుతుంది. బూజును చంపే మరికొన్ని ప్రొటీన్ల జన్యువులను వేరే మొక్కల్లో చేర్చి కూడా పరీక్షించారు. విషం బాగా తగ్గింది. ఇదీ ప్రయోగశాల గడప దాటలేదు.

ఎందుకు దాటలేదన్నది మన దేశ జీఎం చరిత్రలో ఉంది. 2002లో బీటీ పత్తికి, అంటే పురుగును చంపే విషాన్ని తయారుచేసే బ్యాక్టీరియా జన్యువు చేర్చిన పత్తికి, అనుమతి వచ్చింది. 2010 ఫిబ్రవరిలో బీటీ వంకాయను నిలిపేశారు. 2022 అక్టోబరులో జీఎం ఆవాలు డీఎంహెచ్-11ను పొలాల్లో వేయడానికి అనుమతిస్తే, 2024 జులైలో సుప్రీంకోర్టు ధర్మాసనంలో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు. ఆహార పంట ఒక్కటీ గట్టెక్కలేదు. పత్తిలోనూ గులాబీరంగు పురుగు బీటీని తట్టుకోవడం నేర్చేసుకుంది. జన్యువు తప్పు అంటారు కొందరు. నా లెక్కలో, పక్కన బీటీ లేని వరుసలు వేయకుండా ఏళ్ల తరబడి ఒకే విషాన్ని నమ్ముకోవడమే దానికి పెద్ద కారణం.

ఎడిటింగ్ అనే మూడో దారి

మొక్క సొంత డీఎన్‌ఏలో కోరిన చోట చిన్న మార్పు చేసే ఎడిటింగ్‌లో బయటి జన్యువు మిగలనక్కర్లేదు. క్రిస్పర్ అనే కత్తెరకు ఒక ఆర్‌ఎన్‌ఏ చిరునామా ఇస్తే, ఆ చోటికి పోయి డీఎన్‌ఏను కోస్తుంది. కణం ఆ కోతను అతికించుకునేటప్పుడు ఒకటి రెండు అక్షరాలు పోతాయి, లేదా చేరతాయి. కత్తెరను తెచ్చిపెట్టిన జన్యువును తర్వాతి తరంలో వదిలించుకోవచ్చు. వేరుశనగ ఫ్యాడ్2 జన్యువులను ఇలాంటి పాత కత్తెర టాలెన్‌తో చైనా పరిశోధకులు 2018లో కోసి ఓలిక్ పెంచారు. చూడండి: ఫ్లోరిడాలో ప్రకృతి చేసిన పనినే వీళ్లు కత్తెరతో చేశారు. పాడైన జన్యువు అదే. వచ్చిన నూనె తీరూ అదే.

మన ప్రభుత్వం 2022 మార్చిలో ఈ తేడాను గుర్తించింది. చిన్న మార్పులు మాత్రమే ఉండి, బయటి డీఎన్‌ఏ లేదని రుజువైన ఎడిటెడ్ మొక్కలకు 1989 నాటి జీఎం నిబంధనల్లోని కఠినమైన భాగాల నుంచి మినహాయింపు ఇచ్చింది. 2025 మే 4న రెండు ఎడిటెడ్ వరి రకాలను ప్రకటించారు. రెండింటి తల్లులూ మన తెలుగు నేలవే. బాపట్ల సాంబమసూరి నుంచి డీఆర్‌ఆర్ ధాన్ 100, 'కమల' అని పేరు. మారుటేరు ఎంటీయూ 1010 నుంచి పూసా డీఎస్‌టీ రైస్ 1. కమలలో ఎదుగుదల హార్మోన్‌ను విరిచేసే జన్యువును బలహీనపరిచి కంకికి గింజలు పెంచామన్నారు. 19 శాతం ఎక్కువ దిగుబడి, 20 రోజుల ముందు కోత అన్నది ప్రభుత్వ లెక్క. పరీక్షల వివరాలు ఆ మాటను సమర్థించడం లేదని విమర్శకులు అంటున్నారు. వివరాలన్నీ బయటపెడితే ఈ గొడవ ఉండదు. మినహాయింపు ఇచ్చినంత మాత్రాన దాపరికం ఎందుకు? పైగా క్రిస్పర్ మీద ముఖ్యమైన పేటెంట్లు విదేశాల చేతిలో ఉన్నాయి. విత్తనం అమ్మే రోజున ఆ లెక్క ఎవరు కడతారన్నది చిన్న ప్రశ్న కాదు. కత్తెర వేరే చోట కూడా కోసిందా అన్న అనుమానానికి మాత్రం జవాబు తేలిక: జీనోమ్ చదివి చూడొచ్చు. కిరణాలతో చేసిన రకాలను విడుదల చేసేటప్పుడు ఎవరూ ఆ పని అడగలేదు.

ఇంత చెప్పుకున్నాక విత్తనం దగ్గరే అసలు బండి ఆగుతుంది. వేరుశనగ ఎకరాకు 60 కిలోలకు పైగా పప్పు విత్తనం కావాలి. ఒక బస్తా వేస్తే వచ్చేది పది బస్తాల లెక్కే. కొత్త రకం బ్రీడర్ విత్తనం నుంచి ఫౌండేషన్, అక్కడి నుంచి సర్టిఫైడ్ విత్తనం అయ్యి పుంగనూరు, పలమనేరు రైతు చేతికి వచ్చేసరికి కొన్నేళ్లు పడుతుంది. ఈ పంటలో పరాగసంపర్కం దాదాపుగా తన పువ్వులోనే జరుగుతుంది కాబట్టి రైతు సొంత విత్తనం దాచుకోవచ్చు. ఏటా కొనేవాడు లేని పంట మీద ప్రైవేటు కంపెనీ డబ్బు పెట్టదు. ఆ బాధ్యత తిరుపతి, కదిరి లాంటి ప్రభుత్వ కేంద్రాల మీదే పడుతుంది. అందుకే కదిరి-6 అనే రకం వచ్చాక చాలా ఏళ్లపాటు రాయలసీమ పొలాల్లో అదే ఎక్కువ కనిపించింది.

ఓలిక్ రకానిది ఇంకో అవస్థ. వ్యాపారి కాయను చూసేది తూకం, తేమ, పప్పు శాతం. 80 శాతం ఓలిక్ కాయకీ, కదిరి-6 కాయకీ పైకి తేడా తెలియదు. రెండూ ఒకే కుప్పలో కలిస్తే నూనె పరీక్షలో ఓలిక్ సగటుకు పడిపోతుంది, కంపెనీ ఆ లోడును మామూలు సరుకు కిందే కొంటుంది. విడిగా విత్తనం ఇచ్చి, విడిగా కొని, విడిగా నిల్వచేసే ఏర్పాటు ఉన్న ఊళ్లోనే గిర్నార్ వేసిన రైతుకు ఓలిక్ ఎక్కువ ఉన్నందుకు ఇచ్చే ధర దక్కుతుంది.